సముద్రానికీ ఒక సంఘం

ఈ వారం ఒక ఫారం గురించి రాస్తున్నాను. వీసా ఫారం కాదు, కంగారు పడకండి. వీసాల గురించి రాసి రాసి నాకే విసుగొచ్చింది, చదివి చదివి మీకూ వచ్చే ఉంటుంది. ఇది సముద్రం సంగతులు చూసుకునే ఒక సంఘంలో చేరడానికి సంతకం పెట్టే కాగితం.

సియాటెల్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేవి రెండు పెద్ద కంపెనీలు, ఆగని వాన, కాఫీ. కానీ ఊరిని ఒరుసుకుంటూ ప్యూజెట్ సౌండ్ అనే ఉప్పునీటి పాయ ఉంది. పడమరగా రెండు మూడు గంటలు కారు నడిపితే పసిఫిక్ సముద్రమే వస్తుంది. నేను పనిచేసేది ఆ రెండు పెద్ద కంపెనీల్లోనూ కాదు. పది మందిమి ఉండే చిన్న ఆఫీసు మాది. నీళ్లలో పెట్టిన సెన్సర్లు పంపే అంకెల్లో చెత్త ఏరేసి, పనికొచ్చేవి స్క్రీన్ మీద చూపించే సాఫ్ట్‌వేర్ రాస్తాం. మొన్న మా ఓనర్ ఒక పీడీఎఫ్ పంపి, "మనం ఇందులో చేరాలా వద్దా, చదివి చెప్పు" అన్నాడు. ఆఫీసులో సముద్రం పక్క జిల్లా నుంచి వచ్చినవాణ్ని నేనొక్కణ్నే మరి. భీమవరం వాడంటే నీళ్ల సంగతులన్నీ తెలిసే ఉంటాయని ఆయన నమ్మకం.

ఆ సంఘం పేరు నానూస్. విప్పి చెబితే నార్త్‌వెస్ట్ అసోసియేషన్ ఆఫ్ నెట్‌వర్క్‌డ్ ఓషన్ అబ్జర్వింగ్ సిస్టమ్స్. పేరు చూసి పారిపోకండి. వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల తీరంలో సముద్రాన్ని ఎవరు కొలుస్తున్నా సరే, ఆ కొలతలన్నీ ఒకచోటికి తెచ్చి అందరికీ చూపించడం దీని పని. అమెరికాలో ఇలాంటి ప్రాంతీయ సంఘాలు 11 ఉన్నాయి. అలాస్కాకి ఒకటి, కాలిఫోర్నియాకి రెండు, గల్ఫ్ తీరానికి ఒకటి, ఫ్లోరిడా నుంచి నార్త్ కరోలినా దాకా ఒకటి, చివరికి గ్రేట్ లేక్స్‌కి కూడా ఒకటి. వీటన్నిటినీ కలిపే జాతీయ వ్యవస్థకి ఐఊస్ అని పేరు. 2009లో అమెరికా కాంగ్రెస్ దీనికోసం ఒక చట్టమే చేసింది.

ఢిల్లీలోనో వాషింగ్టన్‌లోనో కూర్చున్న ఒక ఆఫీసు దేశం మొత్తానికి సముద్రం సంగతి చెప్పడం మనకు తెలిసిన పద్ధతి. ఇక్కడ దానికి తోడు తీరంలో ఉన్నవాళ్లే సభ్యులై, మాకు ఏ కొలత కావాలో మేమే చెబుతాం అంటారు. నానూస్‌లో చేరే సంస్థ ఒక ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టి, తన తరఫున ఒక మనిషిని పంపుతుంది. ఆ ప్రతినిధులంతా కలిస్తే గవర్నింగ్ కౌన్సిల్. అందులో యూనివర్సిటీలు, రాష్ట్ర ప్రభుత్వ శాఖలు, కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలతో పాటు ఇక్కడి ఆదివాసీ తెగల ప్రభుత్వాలు కూడా కూర్చుంటాయి. కొన్ని ప్రాంతాల సంఘాల్లో సభ్యత్వానికి ఏటా రుసుము కూడా కట్టాలి.

"అంకెలు ఎలాగూ ఫ్రీగా అందరికీ కనిపిస్తున్నాయి కదా, మళ్లీ చేరడం దేనికి?" అని మా ఓనర్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు నాకు ఒప్పంద పత్రంలో దొరకలేదు, ఆయిస్టర్ల కథలో దొరికింది.

ఆయిస్టర్ అంటే మన ఆల్చిప్పల చుట్టమే. ఇక్కడి జనం నిమ్మకాయ పిండుకుని పచ్చివే తినేస్తారు. (నేను ఒక్కసారి ప్రయత్నించాను. ఇంకోసారి అడగకండి.) ఈ తీరంలో ఆయిస్టర్ సాగు తరాల నాటి వ్యాపారం. మన రొయ్యల రైతుల్లాగే చాలామంది సాగుదారులు హేచరీ నుంచి సీడ్ కొనుక్కుంటారు. కంటికి ఆనని పిల్లలు. లక్షల పిల్లల్ని ఒక తడి గుడ్డలో చుడితే గుప్పెట్లో పట్టే ముద్దవుతుంది.

ఒరెగాన్‌లో నెటార్ట్స్ బే అనే చిన్న కయ్య ఒడ్డున విస్కీ క్రీక్ అని ఒక హేచరీ ఉంది. పడమటి తీరంలో సొంత హేచరీ లేని సాగుదారులకు సీడ్ ఇచ్చేది ఎక్కువగా ఇదే. 2007లో అక్కడ పిల్లలు చచ్చిపోవడం మొదలైంది. ట్యాంకులకు ట్యాంకులే. పొద్దున చూస్తే అడుగున తెల్లటి మడ్డి. 2008లోనూ అదే వరస. ముందు అందరూ అనుమానించింది విబ్రియో బాక్టీరియాని. మన హేచరీల్లో పనిచేసినవాళ్లకి ఈ పేరు కొత్తేమీ కాదు. ఖరీదైన ఫిల్టర్లు, మెషీన్లు పెట్టి నీళ్లని శుభ్రం చేశారు. బాక్టీరియా పోయింది, కానీ పిల్లలు చావడం ఆగలేదు. అదే సమయంలో వాషింగ్టన్‌లో డాబబ్ బే ఒడ్డునున్న ఇంకో పెద్ద హేచరీలోనూ ఇదే గోల. విల్లపా బేలో అయితే సముద్రంలో సహజంగా పుట్టే పిల్లలు కూడా నిలబడటం లేదు.

జబ్బు పిల్లల్లో లేదు, నీళ్లలోనే ఉంది. వేసవిలో ఇక్కడ ఉత్తరం నుంచి తీరం వెంట గాలి వీస్తుంది. ఆ గాలికి పైనున్న నీరు లోపలి సముద్రం వైపు జరిగిపోతే, దాని చోటికి అడుగు నుంచి చల్లటి నీరు పైకి ఉబికి వస్తుంది. ఎప్పుడో 30, 50 ఏళ్ల కిందట ఉపరితలం మీద ఉన్న నీరు అది. లోతుల్లో అన్నేళ్లు గడిపేసరికి కుళ్లిన జీవపదార్థం నుంచి బోలెడు కార్బన్ డయాక్సైడ్ పోగవుతుంది. దానికి తోడు మనం కార్లు, ఫ్యాక్టరీల నుంచి వదిలి, గాలిలోంచి నీళ్లలో కరిగింది కూడా కలుస్తుంది. మొత్తానికి పీహెచ్ పడిపోతుంది. ఆయిస్టర్ పిల్ల పుట్టిన మొదటి రెండు రోజుల్లోనే గుల్ల కట్టుకోవాలి. గుడ్డులో తెచ్చుకున్న కాస్త శక్తితోనే ఆ పని అయిపోవాలి. నీరు అలా ఉంటే గుల్ల కట్టడానికే శక్తంతా ఖర్చయిపోయి, మేత తినే దశకి రాకుండానే చస్తుంది.

ఇది తేల్చింది ఒక్కరు కాదు. హేచరీలో పనిచేసే మనిషి, ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్తలు, ఓడ మీద తీరమంతా తిరిగి నీళ్లు కొలిచిన నోవా పరిశోధకులు, అందరి కొలతలూ పక్కపక్కన పెడితేనే బొమ్మ కనిపించింది. సెనేటర్ మరియా కాంట్‌వెల్ చొరవతో హేచరీల దగ్గర కొలిచే పరికరాల కోసం 5 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ అంకెలు నానూస్ ద్వారా అందరికీ కనిపించేలా పెట్టారు. గాలి మారిందా, బయట బాయ్ దగ్గర నీరు చల్లబడిందా, అయితే ఇవాళ నీళ్లు తోడొద్దు. లేదా మధ్యాహ్నం దాకా ఆగి తోడాలి. తప్పనిసరైతే సోడా యాష్ కలిపి సరిచేసుకోవాలి. ఇంత చిన్న మార్పుతో హేచరీలు మూతపడకుండా నిలబడ్డాయి.

ఈ కథ నేను మా బాబాయ్‌కి ఫోన్‌లో చెప్పాను. ఆయనకి భీమవరం అవతల రొయ్యల చెరువులున్నాయి. మొత్తం విని పెద్దగా నవ్వాడు.

"పొద్దున పీహెచ్ తక్కువుంటది, ఎండెక్కాక పెరుగుద్ది. మా చెరువు గట్టు మీద కుర్రోణ్ని అడిగినా చెబుతాడు. ఇది కనిపెట్టడానికి అంతమంది సైంటిస్టులు కావాల్సొచ్చిందేంట్రా?"

"చెరువైతే చెప్పేస్తాడు బాబాయ్. సముద్రంలో ఎక్కడో లోతులోంచి వచ్చే నీటి సంగతి గట్టు మీదుంటే ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"అదీ నిజమేలే" అన్నాడు.

అప్పుడు అసలు ప్రశ్న అడిగాను. "బాబాయ్, నీ చెరువులో రీడింగులు పక్క చెరువాయనకి చెబుతావా?"

"ఎందుకు చెబుతాను? వైట్ స్పాట్ వచ్చిందని తెలిస్తే కొనేవోడు రేటు సగానికి దించేస్తాడు."

"మరి ఆయన నీకు చెబుతాడా?"

ఫోన్‌లో కాసేపు ఏరేటర్ల చప్పుడే వినిపించింది. మూడేళ్ల కిందట పై చెరువులో జబ్బొస్తే, ఎవరికీ చెప్పకుండా రాత్రికి రాత్రి నీళ్లన్నీ డ్రెయిన్‌లోకి వదిలేశారు. తెల్లారి ఆ డ్రెయిన్ కలిసే కాలువ నుంచే బాబాయ్ మోటారు వేశాడు. 60 రోజుల పంట. చిన్న కౌంట్‌కే పట్టేయాల్సొచ్చింది. ఆ ఏడాది మా చెల్లి ఇంజినీరింగ్ ఫీజు ఎలా కట్టారో మా ఇంట్లో అందరికీ తెలుసు.

వదిలిన మనిషిని తిట్టి లాభం లేదు. చెబితే ఆయన నష్టపోతాడు, చెప్పకపోతే కిందివాళ్లు నష్టపోతారు. ఆ స్థానంలో ఉంటే బాబాయ్ మాత్రం ఏం చేసేవాడో నాకు తెలుసు. నోరు తెరిస్తే తన ఒక్కడికే దెబ్బ అని తెలిసినప్పుడు ఎవరూ తెరవరు. అందరూ ఒకేసారి తెరిచే ఏర్పాటు ఉండాలి.

మా ఓనర్ ప్రశ్నకి జవాబు నాకు అక్కడ దొరికింది. అంకెలు చూడటానికి సభ్యత్వం అక్కర్లేదు. ఎక్కడ కొలవాలి, ఏది కొలవాలి, డబ్బు తక్కువైతే ఏ పరికరాన్ని ముందు బాగుచేయాలి అని మాట్లాడే బల్ల దగ్గర కుర్చీ కావాలంటే మాత్రం కావాలి. ఆ బల్ల దగ్గర ఆయిస్టర్ సాగుదారులు లేకపోతే హేచరీ పైపు దగ్గర పీహెచ్ కొలవాలని ఎవరికి తడుతుంది? శాస్త్రవేత్తకి నడి సముద్రం ముఖ్యం, రైతుకి తన పైపు మొన ముఖ్యం.

నానూస్ పెట్టిన మ్యాపుల సైటులో నేను రెండు రాత్రులు గడిపాను. సినిమా చూడ్డం మానేసి మరీ. ఆయిస్టర్ సాగుదారులకి ఒక పేజీ, ట్యూనా పట్టేవాళ్లకి ఒకటి, సర్ఫింగ్ చేసేవాళ్లకి ఒకటి. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్ల లైవ్ ఓషన్ అనే మోడల్ రాబోయే మూడు రోజుల్లో నీటి వేడి, ఉప్పదనం, ఆక్సిజన్ ఎలా మారతాయో చూపిస్తుంది. ట్విలైట్ సినిమాలు చూసినవాళ్లకి లా పుష్ గుర్తుందా? ఆ తోడేళ్ల కుర్రాళ్ల ఊరు. నిజం ఊరు అది, క్విల్యూట్ తెగవాళ్లది. దానికి ఎదురుగా సముద్రంలో ఒక పెద్ద బాయ్ తేలుతూ ఉంటుంది. దాని పేరు చా బా. క్విల్యూట్ భాషలో తిమింగలం తోక అని అర్థం. సినిమాలో తోడేళ్ల కన్నా నాకు ఇదే నచ్చింది.

ఇంకోటి మాత్రం ఇక్కడున్న మన కుర్రాళ్లు తప్పక చూడాలి. లాంగ్ వీకెండ్ వస్తే నలుగురు కలిసి కానన్ బీచ్‌కో ఓషన్ షోర్స్‌కో వెళ్లిపోతాం కదా. ఈ తీరం కింద కాస్కేడియా అనే పెద్ద భూకంప రేఖ ఉంది. చివరిసారి అది 1700 జనవరి 26న కదిలింది, ఆ సునామీ జపాన్ దాకా వెళ్లింది. మీరు దిగిన హోటల్ అడ్రస్ కొడితే అది సునామీ ముంచే చోట ఉందో లేదో చూపించే పేజీ నానూస్‌లో ఉంది. రూమ్ బుక్ చేసే ముందు ఒక్క నిమిషం పని. 2004 డిసెంబర్ 26 పొద్దున మన తీరంలో ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండకపోవచ్చు, ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

మరి మన దగ్గర ఇలాంటిది లేదా అంటే, ఉండాల్సిన చదువు ఎప్పుడో ఉంది. 1950ల్లోనే అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని కొలిచాడు. విశాఖ తీరంలో అడుగు నీరు పైకి ఉబకడం గురించి అప్పుడే రాశాడు. ఒరెగాన్ ఆయిస్టర్లని చంపిన సంగతే ఇది, మన వైశాగులో అరవై డెబ్బై ఏళ్ల కిందటే చదివారన్నమాట.

ఇక సముద్రమే లేని హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది. సునామీ హెచ్చరికలు, అలల ముందస్తు సమాచారం, చేపలు ఎక్కడ దొరకొచ్చో మత్స్యకారులకి చెప్పే సూచనలు అక్కడి నుంచే వెళ్తాయి. సముద్ర అని వాళ్ల యాప్ కూడా ఉంది. మచిలీపట్నం, యానాం ఒడ్డున నిలబడ్డ రాడార్లు సముద్రం మీద ప్రవాహాలు ఎటు పోతున్నాయో కొలుస్తాయి. విశాఖ ఎదురుగా నీటి నాణ్యత కొలిచే బాయ్ ఉంది. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాల సంస్థలు సభ్యులుగా 2002లో ఐవోగూస్ అనే ప్రాంతీయ కూటమి ఏర్పడింది. దాని సచివాలయం ఉన్నది హైదరాబాద్‌లోనే, ఇన్‌కాయిస్‌లో.

అంటే దేశాలు, సంస్థలు కలిసే బల్ల ఉంది. పైనుంచి కిందికి సమాచారం కూడా బాగానే వస్తోంది. నాకు కనిపించని కుర్చీ ఒక్కటే. సముద్రం నీళ్లు తోడుకునే రొయ్యల హేచరీ, ఆ హేచరీ సీడ్ కొనే చెరువు రైతు, కాకినాడలో బోటున్న మనిషి, మాకు ఫలానా చోట ఫలానా కొలత కావాలి అని చెప్పే కుర్చీ. దేశంలో సాగు రొయ్యల్లో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌దే. ఇన్ని హేచరీలున్న తీరం అది. ఒక్కో హేచరీ రోజూ ఉప్పు, పీహెచ్, ఆల్కలినిటీ కొలుచుకుంటూనే ఉంటుంది. ఆ అంకెలన్నీ నోటు పుస్తకాల్లో నూనె మరకలతో పడుంటాయి. కలిపి చూస్తే బంగాళాఖాతం గురించి ఏం చెబుతాయో ఎవరూ చూడలేదు.

అమెరికా పద్ధతిలో అన్నీ బాగున్నాయని కాదు. ఈ 11 సంఘాలకీ ఎక్కువ డబ్బు ఫెడరల్ ప్రభుత్వం నుంచే రావాలి. ఈ మధ్య వాషింగ్టన్ బడ్జెట్ ప్రతిపాదనల్లో ఆ పద్దుకే ఎసరొచ్చింది. డబ్బు ఆగితే మొదట ఆగేది బాయ్‌ల మరమ్మతు. ఉప్పునీళ్లలో ఇనుము ఎన్నాళ్లుంటుందో మీకు తెలుసు. అలాంటప్పుడు శాస్త్రవేత్తలు నాలుగు పేజీల ఉత్తరం రాస్తే ఎంత మంది చదువుతారో గానీ, ఆయిస్టర్ రైతు వచ్చి, ఈ బాయ్ లేకపోతే నేను మూసేసుకోవాలి అంటే ఏ పార్టీ నాయకుడైనా వింటాడు. సభ్యుల జాబితా పొడుగ్గా ఉండటంలో ఉన్న బలం అదే.

మా ఆఫీసులో ఈ విషయం మీద రెండు గంటలు వాదన జరిగింది. మా సేల్స్ చూసే ఆయన వద్దన్నాడు. మనం అంకెలు శుభ్రం చేసే పద్ధతి బయటపెడితే పోటీ కంపెనీ ఎత్తుకుపోతుందని భయం. చేరితే కస్టమర్ల అంకెలు కూడా అడుగుతారేమో అని ఇంకొకరి అనుమానం. కస్టమర్ అంకెలు కస్టమర్‌వి, అతను ఇస్తానంటేనే ఇస్తాం అని రాసుకుందాం అన్నాను. శుభ్రం చేసే పద్ధతి మాత్రం బయటపెట్టాల్సిందే అన్నాను. చెడిపోయిన సెన్సర్ చెప్పే అబద్ధాన్ని పట్టుకునే లెక్క దాచుకుంటే, తప్పు అంకె నమ్మి నీళ్లు తోడినవాడి ట్యాంకులు పోతాయి. మాట్లాడుతుంటే నా గొంతు కాస్త పెరిగింది. ఎందుకు పెరిగిందో వాళ్లకి తెలీదు, భీమవరం డ్రెయిన్ కథ వాళ్లకి చెప్పలేదు.

ఓనర్ లాయర్‌కి చూపించాలన్నాడు. లాయర్ ఇంకో వారం అడిగాడు.

ఈలోగా బాబాయ్ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. రూళ్ల నోటు పుస్తకంలో ఒక పేజీ. పొద్దున ఆరింటి పీహెచ్, మధ్యాహ్నం మూడింటి పీహెచ్, డీవో, ఆల్కలినిటీ. రెండు నెలల లెక్క. కింద మెసేజ్: "ఇవి ఎవరికి పంపాలిరా? మా గట్టు మీద ఇంకో నలుగురు కూడా ఇస్తామంటున్నారు. పేర్లు మాత్రం రాయొద్దంట."

పేర్లు లేకుండా, చెరువుకి ఒక నంబరు ఇచ్చి, షేర్డ్ షీట్ ఒకటి తయారుచేసి పంపాను. నిన్న రాత్రికి అందులో ఐదు చెరువుల అంకెలు పడ్డాయి. మూడో నంబరు చెరువులో పొద్దుటి డీవో బాగా తక్కువుంది. అది ఎవరిదో నాకు తెలీదు. బాబాయ్‌కి ఫోన్ చేసి చెబితే, "ఏరేటర్ ఇంకోటి వెయ్యమని గ్రూపులో పెడతాలే" అన్నాడు.